‘ప్యాసా’లో కళాకారుని దోపిడీని గుర్తించడం ఎలా

గురుదత్ 1957లో తీసిన హిందీ చిత్రం ‘ప్యాసా’ను విఫలప్రేమ కథగా చూసేవారు చాలామంది. కవి విజయ్‌ను అయినవాళ్లే ఎలా అమ్ముకున్నారో తెలుసుకోవాలంటే మాత్రం, మొదటిసారి కథ కోసం చూసి, రెండోసారి అతని కవితల కట్ట వెంట నడవాలి.

ఆ కట్ట ఎవరి చేతికి వచ్చింది, వారు దానికి ఏ వెల కట్టారు, ఆ ఫలం ఎవరికి దక్కింది అనే మూడు ప్రశ్నలను ముందే రాసుకుని, కట్ట చేతులు మారిన ప్రతిచోటా చిత్రాన్ని ఆపి జవాబు రాయండి. అన్నలకు అది చిత్తుకాగితం కనుక అమ్మేస్తారు. వేశ్య గులాబో దాన్ని కొని, చదివి, దాచుకుంటుంది. (ఆ పాత్ర వేసిన వహీదా రెహమాన్‌ను తెలుగువారు 1955లోనే ‘రోజులు మారాయి’లో చూశారు.)

ప్రచురణకర్త ఘోష్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. అతడు విజయ్‌కు ఇచ్చింది నౌకరు పనే. అతని ఇంట జరిగిన గోష్ఠిలో కవులు కూర్చుని ఉంటే, వారందరికన్నా గొప్ప కవి పానీయాలు అందిస్తూ పాడతాడు. పాటలు దాటవేయకండి, సాహిర్ లుధియాన్వీ రాసిన ఆ పంక్తుల్లోనే విజయ్ కవిత్వం మనకు వినబడుతుంది. విజయ్ చనిపోయాడని అందరూ నమ్మాక, గులాబో తెచ్చిన కవితలను ఘోష్ అచ్చువేసి లాభం గడిస్తాడు. ఇంతవరకు అది వ్యాపారమే అనుకున్నా, బతికున్న విజయ్‌ను మానసిక చికిత్సాలయంలో ఎదురుగా చూసి కూడా ఎరగనన్న క్షణంలో అది ద్రోహమవుతుంది. మిత్రుడు శ్యామ్ కూడా అదే మాట చెబుతాడు, అన్నలూ డబ్బుకు లొంగుతారు. నా దృష్టిలో ఘోష్ కన్నా వీరి నేరమే పెద్దది, ఎందుకంటే ఘోష్‌కు విజయ్ మీద ఏనాడూ ప్రేమ లేదు.

పోటీ ప్రచురణకర్త ఎక్కువ ఇస్తానన్నప్పుడు వీరే మాట మార్చి, విజయ్ బతికే ఉన్నాడని సభలో చాటుతారు. అక్కడ అతడు తాను ఆ విజయ్‌ను కానని చెప్పడాన్ని ఓటమిగా రాసేముందు, మీ జవాబులను మరోసారి చదవండి: వారి దగ్గర అమ్మకానికి మిగిలిన సరుకు అతని పేరు ఒక్కటే, దాన్ని అతడు వారి చేతికి అందకుండా చేశాడు.