క్యాంపర్‌వ్యాన్‌లో మొక్కలు: మన ఎండలకు తగిన ఎంపిక, పెంపకం

పడుకోవడానికీ వండుకోవడానికీ వీలుగా అమర్చిన వాహనమైన క్యాంపర్‌వ్యాన్‌లో నాలుగు పచ్చని మొక్కలు పెట్టుకోవాలనుకునేవారు నర్సరీకి వెళ్లే ముందు, మే నెల మధ్యాహ్నం విజయవాడలో అద్దాలు మూసి నిలిపిన వాహనం లోపల ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించాలి. బయట 42 డిగ్రీలున్న రోజున నేరుగా ఎండలో గంటసేపు ఆగిన వాహనంలో వేడి 55 డిగ్రీలు దాటడం మామూలే. ఇళ్లలో పెంచే మొక్కల్లో చాలావాటికి 40 డిగ్రీల దగ్గరే ఆకులు వాడతాయి. చిన్న కుండీలో మట్టి తక్కువగా ఉంటుంది గనుక అది కూడా త్వరగా కాగి, వేళ్లు దెబ్బతింటాయి. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. కాబట్టి కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో వ్యాన్ నడిపేవారు పాటించవలసిన మొదటి నియమం ఇది: వ్యాన్‌లో పెట్టే ప్రతి మొక్కా ఒక చేత్తో తీసి బయట నీడలో పెట్టగలిగేదై ఉండాలి. గోడకు శాశ్వతంగా బిగించిన తొట్లు, సీట్ల వెనక మట్టి నింపిన పెట్టెలు చూడటానికి బాగున్నా, ఇక్కడి వేసవిలో వాటిలోని మొక్కలు నిలవవు.

మొక్కల ఎంపికలో స్నేక్ ప్లాంటుకు మొదటి స్థానం ఇవ్వాలి. దీని దళసరి ఆకుల్లో నీరు నిల్వ ఉంటుంది. పగటి వేడిలో పత్రరంధ్రాలను మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుచుకునే స్వభావం ఉండటం వల్ల తేమ తక్కువగా కోల్పోతుంది. కలబందదీ ఇదే స్వభావం, అయితే దానికి వెలుతురు ఎక్కువ కావాలి. జెడ్‌జెడ్ ప్లాంటు మట్టిలోని దుంపల్లో నీరు దాచుకుంటుంది కాబట్టి యజమాని రెండు వారాలు మరిచిపోయినా తట్టుకుంటుంది. మనీప్లాంటు వీటంత గట్టిది కాకపోయినా, దాహం వేసినప్పుడు ఆకులు వాల్చి స్పష్టంగా తెలియజేస్తుంది; కొత్తగా మొక్కలు పెంచేవారికి ఈ గుణం చాలా ఉపయోగపడుతుంది. తీగ మూరెడు దాటగానే కత్తిరించాలి, లేకపోతే కుదుపులకు దేనికో ఒకదానికి చుట్టుకుని తెగుతుంది.

వంటకు పనికివచ్చేవాటిలో వామాకును మించినది లేదు. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, ఆకు దళసరిగా ఉండటం వల్ల ఒక పూట నీరు తప్పినా వాడదు, సాయంత్రం ఎక్కడ ఆగినా నాలుగు బజ్జీలకు ఆకు దొరుకుతుంది. పుదీనాకు ప్రతిరోజూ నీరు కావాలి గనుక చలికాలపు ప్రయాణాలకే దాన్ని తీసుకువెళ్లడం మంచిది. కరివేపాకు లోతుగా వేరు తన్నే చెట్టు. దానికి వ్యాన్‌లో చోటు లేదు. తులసికి రోజూ కొన్ని గంటల నేరు ఎండ కావాలి, అది అందకపోతే కాడలు సాగి పాలిపోతుంది. పైగా చెప్పులు విడిచేచోటా, పడుకునేచోటా ఒకటే అయిన ఇరుకు వాహనంలో తులసిని ఉంచడానికి చాలామందికి మనసొప్పదు. ఆ మొక్క ఇంటి దగ్గర కోటలోనే ఉండటం మేలని నా అభిప్రాయం. ఫెర్నులు, పీస్ లిల్లీ, కలాథియా వంటివి తేమగాలి కోరుకుంటాయి కనుక మార్చి నుంచి జూన్ వరకు వాటి జోలికి వెళ్లకూడదు.

చిన్నపిల్లలు ఉన్నవారు ఇంకొక విషయం గుర్తుంచుకోవాలి. కంద, చేమ కోసినప్పుడు చేతులు దురద పెట్టడానికి కారణమైన కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలే మనీప్లాంటులోనూ, జెడ్‌జెడ్ ప్లాంటులోనూ, మచ్చల ఆకుల అలంకరణ మొక్క డిఫెన్‌బాకియాలోనూ ఉంటాయి. ఆకు నమిలితే నోరు మండి, నాలుక వాచే ప్రమాదం ఉంది. ఇంట్లోనైతే ఎత్తయిన అలమారులో పెట్టవచ్చు, వ్యాన్‌లో అంతా చేతికందే దూరమే. డిఫెన్‌బాకియాను పూర్తిగా మానుకుని, పిల్లలున్న వాహనంలో స్పైడర్ ప్లాంటు, వామాకులతో సరిపెట్టుకోవడం క్షేమం.

విజయవాడ నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 150 కిలోమీటర్లు వెళ్తే కడియం నర్సరీలు వస్తాయి. అటు వెళ్లే పని ఉంటే అక్కడే కొనవచ్చు, లేకపోతే ఊళ్లోని నర్సరీలు చాలు. పెద్ద మొక్కకు ఆశపడకుండా, 4 నుంచి 6 అంగుళాల కుండీలో ఇమిడే పిల్ల మొక్కలను తీసుకోవాలి. ఆకు వెనక్కి తిప్పి, దాని నరాల పక్కన దూదిలాంటి తెల్లని పిండినల్లి, సన్నని సాలెగూడు అల్లే ఎర్రనల్లి ఉన్నాయేమో వెలుతురులో చూడాలి. నర్సరీలో మొక్కలు షేడ్‌నెట్ కింద పెరిగి ఉంటాయి కాబట్టి, తెచ్చిన రోజే వ్యాన్‌లోకి ఎక్కించకుండా వారం పది రోజులు వసారాలో ఉంచి అలవాటు చేయాలి.

మట్టి విషయంలో గుంటూరు వైపు వారు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. పొలంలో పత్తికీ మిరపకూ బంగారమైన నల్లరేగడి, కుండీలో పనికిరాదు. తడిస్తే బంకలా నీరు పట్టి వేళ్లను కుళ్లబెడుతుంది, ఎండితే నెర్రెలు విచ్చి వేళ్లను తెంపుతుంది, పైగా బరువు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) రెండు పాళ్లు, వర్మికంపోస్టు ఒక పాలు, పెర్లైట్ (తేలికైన తెల్లని గులకల్లాంటి ఖనిజం) ఒక పాలు కలిపి, పిడికెడు వేపపిండి చేర్చిన మిశ్రమం తేలికగా ఉండి నీటిని నిలవనివ్వదు. స్నేక్ ప్లాంటుకూ కలబందకూ ఇందులో కొంత ముతక ఇసుక అదనంగా కలపాలి. మట్టి కుండీలు పగులుతాయి, అందుకే ప్లాస్టిక్ కుండీలనే వాడాలి. అడుగున రంధ్రాలున్న కుండీని, రంధ్రాలు లేని మరో కుండీలో దింపితే కారిన నీరు ప్లైవుడ్‌ను తడపదు.

కుండీని కదలకుండా నిలపడం అన్నిటికంటే ముఖ్యం. తడిసిన ఆరంగుళాల కుండీ కిలోన్నర పైగా తూగుతుంది. హఠాత్తుగా బ్రేకు వేస్తే ముందు సీటులో కూర్చున్నవారి తలకు తగిలేది అదే. డాష్‌బోర్డు మీద ఎట్టి పరిస్థితుల్లోనూ మొక్క ఉంచకూడదు, అది డ్రైవరు చూపుకు కూడా అడ్డం. వాహనాల బాడీ కట్టే పనికి పేరుపడిన మన విజయవాడ ఆటోనగర్‌లో, వ్యాన్ లోపలి చెక్కపని చేసేవారితో ఒక చిన్న అర చేయించుకోవడం ఉత్తమ మార్గం. కుండీ పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. దాని పై అంచు కంటే కొంచెం చిన్నదిగా అరలో గుండ్రటి రంధ్రం కోయిస్తే, కుండీ అందులోకి దిగి అంచు దగ్గర ఆగుతుంది. అర కింద మరో పలక ఉంటే కుండీ అడుగు దానిమీద ఆనుతుంది. స్పీడ్ బ్రేకరు మీద ఎగరకుండా కుండీ అంచు మీదుగా ఒక సాగే పట్టీ వేసి రెండు కొక్కేలకు తగిలించాలి. మట్టి మీద కొబ్బరి పీచు ఒక పొర పరిచి అదిమితే చిందడం తగ్గుతుంది. వేలాడే కుండీలు ఆగినప్పుడు బాగుంటాయి. బండి కదిలే ముందు వాటిని దించి, సింకులో నిలబెట్టి చుట్టూ తువ్వాలు కుక్కాలి.

నీరు తక్కువై చచ్చే మొక్కల కంటే ఎక్కువై చచ్చేవే అధికం. వేలు రెండు కణుపుల లోతుకు మట్టిలోకి దించి, తడి తగలకపోతేనే నీరు పోయాలి. స్నేక్ ప్లాంటుకు వేసవిలో పది రోజులకొకసారి, చలికాలంలో మూడు వారాలకొకసారి సరిపోతుంది. ఆకు మొదలు నొక్కితే మెత్తగా దిగిందంటే నీరు ఎక్కువైనట్టే, అప్పుడు మొక్కను పైకి తీసి కుళ్లిన వేళ్లు కత్తిరించి, ఒకరోజు ఆరబెట్టి తిరిగి నాటాలి. బండి ఆగిన సాయంత్రమే నీరు పోయాలి గాని బయలుదేరే ముందు కాదు. బోరు నీటిలో ఉప్పులు ఎక్కువగా ఉన్న ఊళ్లలో మట్టి పైన తెల్లని పొర కడుతుంది. అది కనిపిస్తే పై మట్టి గీకి తీసేసి కొత్తది వేయాలి. ఆర్వో యంత్రం వదిలే నీరు మరీ ఉప్పన, దాన్ని వాడకూడదు. ఇంట్లో ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు గనుక, తినని మొక్కలకు ఒక క్యానులో పట్టి వెంట తీసుకువెళ్లవచ్చు.

వ్యాన్ నిలిపేటప్పుడు మొక్కలున్న కిటికీ తూర్పుకో ఉత్తరానికో ఉండేలా చూడాలి. పడమటి ఎండ ఆకును మాడుస్తుంది. బండి వదిలి రెండు గంటలు వెళ్లవలసి వస్తే, పైకప్పులోని గాలి కిటికీ తెరిచి, అద్దాలకు తెరలు వేసి, కుండీలను వీలైతే చెట్టు నీడలోకి దించాలి. ప్రయాణం లేని వారాల్లో అవి ఇంటి వసారాలోనే ఉండాలి.

మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయన్న నమ్మకంతో వ్యాన్ మూసి గ్యాస్ పొయ్యి వెలిగించేవారు ఉన్నారు. ఇది ప్రాణాంతకం. ఈ నమ్మకానికి ఆధారంగా చూపే, నాసా 1989లో వెలువరించిన ప్రసిద్ధ పరిశోధన చిన్న మూసివున్న పెట్టెల్లాంటి గదుల్లో జరిగింది. మనుషులు ఉండి, వంట చేసుకునే వాహనంలో నాలుగు కుండీల వల్ల గాలి మారదు, కార్బన్ మోనాక్సైడ్ తగ్గదు. పొయ్యి వెలిగినంతసేపూ కిటికీ తెరిచే ఉండాలి.

చలికాలంలో లంబసింగి, అరకు వైపు వెళ్లేవారు రాత్రి మొక్కలను అద్దానికి ఆనకుండా లోపలికి జరపాలి, ఎందుకంటే మనీప్లాంటు 10 డిగ్రీల కంటే తక్కువ చలికి ఆకులు నల్లబడి రాలుస్తుంది. సూర్యలంక తీరంలో ఒక రాత్రి గడిపితే, మర్నాడు తడిగుడ్డతో ఆకుల మీది ఉప్పు తుడవాలి.

తిరిగి వచ్చాక వాటిని ఇంటి మొక్కల పక్కన వెంటనే పెట్టకూడదు. వారం రోజులు వేరుగా ఉంచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి ఆకుల అడుగు తడిసేలా సాయంత్రం పూట పిచికారీ చేయాలి. పొలాల మధ్య ఆగేటప్పుడు ఈ జాగ్రత్త మరింత అవసరం. 2021లో గుంటూరు ప్రాంతపు మిరప తోటలను నాశనం చేసిన నల్ల తామర పురుగు అలంకరణ మొక్కలను కూడా ఆశిస్తుంది. పురుగు పట్టిన మొక్కను దారి పక్కన పారేయకుండా, సంచిలో గట్టిగా మూటకట్టి ఇంటికి తెచ్చి నాశనం చేయాలి.