బస్సు ఎయిర్ సస్పెన్షన్‌కు పైపులు, ఫిట్టింగులు ఎంచుకునే విధానం

దూరప్రాంతాలకు నడిచే బస్సుల్లో ఇరుసుకూ ఛాసిస్‌కూ నడుమ కమాన్‌పట్టీలకు బదులు గాలి నింపిన రబ్బరు బెల్లోస్ ఉంటాయి. గ్యారేజీల్లో వీటిని బెలూన్లంటారు. రాత్రి సమంగా నిలిపిన బస్సు తెల్లవారేసరికి ఒక పక్కకు ఒరిగి కనిపిస్తే యజమాని ముందుగా బెలూన్‌నే అనుమానిస్తాడు గాని, దోషం చాలాసార్లు దానికి గాలి తెచ్చే పైపులోనో, ఆ పైపు చివరనున్న ఫిట్టింగులోనో ఉంటుంది. బెలూన్ ధరతో పోలిస్తే పైపు ఖర్చు స్వల్పం. అందుకే దాని ఎంపికలో ఎక్కువగా అశ్రద్ధ జరుగుతుంది.

పైపు పదార్థం విషయంలో తర్జనభర్జన అవసరం లేదు. వాహనాల గాలి పైపుల కోసమే తయారైన నైలాన్ 11 లేదా నైలాన్ 12 పైపునే తీసుకోవాలి. దానిపై పొడవునా కొలత, తయారీదారు పేరు, డిన్ 74324, ఐఎస్ఓ 7628, ఎస్ఏఈ జె844 వంటి ప్రమాణాల్లో ఒకటి ముద్రించి ఉంటాయి. ఏ అచ్చూ లేని చుట్టను ఎంత చవకగా ఇచ్చినా కొనకపోవడమే మేలు. ఫ్యాక్టరీ యంత్రాలకు వాడే పాలీయురెథేన్ పైపు మెత్తగా, సులువుగా వంగుతుంది కనుక కొందరు మెకానిక్‌లు దానిని ఇష్టపడతారు. అయితే అది సాధారణంగా 60 డిగ్రీల సెల్సియస్ వరకే పనికివస్తుంది, వేడెక్కినకొద్దీ తట్టుకోగల పీడనం తగ్గిపోతుంది. నైలాన్ పైపు దాదాపు 90 డిగ్రీల వరకు నిలుస్తుంది. మే నెలలో 45 డిగ్రీలు చూసే కొత్తగూడెం, రామగుండం దారుల్లో, అందులోనూ ఇంజిన్ వెనుక ఉండే బస్సుల్లో, ఈ తేడా చిన్నది కాదు. కంప్రెసర్ నుంచి వెలువడే మొదటి పైపు మాత్రం నైలాన్‌కూ తగినది కాదు. అక్కడ గాలి మరీ వేడిగా ఉంటుంది కాబట్టి లోహపు పైపో, ఉక్కు అల్లిక ఉన్న టెఫ్లాన్ హోసో ఉండాలి.

ఇక కొలత. 8×1 అని రాసిన పైపుకు బయటి వ్యాసం 8 మి.మీ., గోడ మందం 1 మి.మీ., అంటే లోపలి వ్యాసం 6 మి.మీ. 12×1.5 పైపుకు లోపలి వ్యాసం 9 మి.మీ. వ్యాసం ఒకటిన్నర రెట్లే పెరిగినా గాలి నడిచే వైశాల్యం రెండుంబావు రెట్లవుతుంది. అలాగని అన్నిచోట్లా లావు పైపు వేస్తే బస్సు త్వరగా లేస్తుందనుకోవడం పొరపాటు, ఎందుకంటే లెవలింగ్ వాల్వు (బస్సు ఎత్తును బట్టి బెలూన్‌లోకి గాలి పంపే, బయటికి వదిలే వాల్వు) లోపలి రంధ్రం ఎంత గాలిని వదులుతుందో బెలూన్‌కు అంతే చేరుతుంది. తయారీదారు ఇచ్చిన కొలతనే కొనసాగించి, ఒక ఇరుసుకు కుడి ఎడమల పైపులు రెండూ ఒకే కొలతలో ఉండేలా చూడటం సరైన పద్ధతి.

అసలు చిక్కు మిల్లీమీటర్ల పైపునూ అంగుళాల ఫిట్టింగునూ కలిపినప్పుడు వస్తుంది. పావు అంగుళం పైపు 6.35 మి.మీ., కనుక 6 మి.మీ. ఫిట్టింగులో దూరదు, 6 మి.మీ. పైపు మాత్రం పావు అంగుళం ఫిట్టింగులో సులువుగా దూరి, కాసేపు పట్టుకున్నట్టే ఉండి, తర్వాత కారడం మొదలుపెడుతుంది. మూడెనిమిదో వంతు అంగుళం 9.53 మి.మీ., అర అంగుళం 12.7 మి.మీ.; వీటిని 10, 12 మి.మీ. ఫిట్టింగులతో జత చేయరాదు. అమెరికాలో పికప్ ట్రక్కుకు ఎయిర్ బ్యాగులు వేయించుకునే తెలుగువారికి అంగుళాల కొలతలే ఎక్కువగా ఎదురవుతాయి. ఇక్కడి బస్సుల్లో మిల్లీమీటర్లే సాధారణం.

ఫిట్టింగును బిగించే మరల (స్క్రూ చుట్ల) విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. పావు అంగుళం ఎన్‌పీటీ (అమెరికా ప్రమాణం) మరకు అంగుళానికి 18 చుట్లు, బీఎస్‌పీ (బ్రిటిష్ ప్రమాణం) మరకు 19 చుట్లు ఉంటాయి కనుక తేడా చేతికే తెలిసిపోతుంది. అర అంగుళం దగ్గర రెండింటికీ 14 చుట్లే కావడంతో ఫిట్టింగు చక్కగా ఎక్కినట్టనిపిస్తుంది గాని, ఎన్‌పీటీ మర పళ్ల కోణం 60 డిగ్రీలు, బీఎస్‌పీది 55 డిగ్రీలు. ఎంత బిగించినా ఆ జోడు నమ్మదగినది కాదు. యూరప్ తరహా బస్సుల్లో ఎం12×1.5, ఎం16×1.5, ఎం22×1.5 వంటి సమాంతర మరలుంటాయి. వీటిలో గాలిని ఆపేది మర కాదు, కింద ఉన్న ఓ-రింగు (గుండ్రటి రబ్బరు వలయం). అక్కడ టెఫ్లాన్ టేపు చుట్టడం అనవసరం, పైగా తెగిన ముక్కలు లెవలింగ్ వాల్వులో చేరే ప్రమాదం ఉంది. ఎన్‌పీటీ వంటి, చివరికి సన్నబడే ఏటవాలు మరలకు టేపు వాడినా మొదటి ఒకటి రెండు చుట్లను వదిలేయాలి.

ఫిట్టింగుల్లో నేరుగా గుచ్చే పుష్ రకానికీ, రింగు వేసి నట్టుతో బిగించే రకానికీ దేని మేలు దానికుంది. బస్సు కింద, అదురు ఎక్కువగా ఉండే చోట, ఇత్తడితో చేసిన వాహన ప్రమాణపు ఫిట్టింగునే నేను సిఫారసు చేస్తాను. యంత్రాల కోసం చేసిన ప్లాస్టిక్ ఫిట్టింగు పరిమాణం సరిపోయినా దాని స్థానం అది కాదు. రింగు రకంలో పైపు లోపల ఇత్తడి గొట్టం ముక్క పెట్టకుండా బిగిస్తే నైలాన్ నొక్కుకుపోయి కొన్నాళ్లకు జారిపోతుంది. వీటన్నింటికంటే ముఖ్యంగా, అతుకులు ఎంత తక్కువైతే అంత మంచిది. నడుమ తెగిన పైపుకు కనెక్టరు వేసే బదులు ఆ చివర నుంచి ఈ చివర వరకు కొత్త పైపు లాగడం మంచిది.

సస్పెన్షన్‌కు గాలిని బ్రేకు ట్యాంకు నుంచి నేరుగా ఎన్నడూ తీసుకోరాదు. ముందు బ్రేకులకు చాలినంత పీడనం నిండిన తర్వాతే మిగతా వాటికి గాలి వదిలే ప్రొటెక్షన్ వాల్వు మధ్యలో ఉండి తీరాలి. లేకపోతే ఒక బెలూన్ పైపు ఊడిన క్షణంలో బ్రేకుల గాలి కూడా పోతుంది.

పని మొదలుపెట్టే ముందు చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు నిలిపి, ఆ తర్వాతే వ్యవస్థలోని గాలి వదలాలి. బెలూన్ల మీదే నిలిచిన బస్సు కిందికి ఎవరూ వెళ్లకూడదు. పైపును హ్యాక్‌సాతో కాక పైపు కట్టరుతో, చివర ఏటవాలుగా రాకుండా సరిగ్గా అడ్డంగా కోయాలి. ఫిట్టింగులో ఎంత లోతు దిగాలో పైపుపై గుర్తు పెట్టి, ఆ గుర్తు వరకు గుచ్చి, వెనక్కి లాగి చూడాలి. వంపు వ్యాసార్ధం పైపు బయటి వ్యాసానికి ఆరు రెట్లకు తగ్గకుండా ఉంచితే మడత పడదు. ఇరుసు పూర్తిగా కిందికి దిగినప్పుడు కూడా పైపు బిగుసుకోని విధంగా కొంత వదులు ఇవ్వాలి. ఛాసిస్ రంధ్రాల్లో పైపు ఒరుసుకోకుండా రబ్బరు గ్రొమెట్లు (అంచు వలయాలు) పెట్టాలి. సైలెన్సరుకు దూరంగా క్లిప్పులతో పట్టించాలి. షెడ్డులో చాలా రోజులు నిలిపే బండైతే ఎలుకలు కొరకకుండా ముడతల గొట్టం తొడగడం కూడా అవసరమే.

చివరగా ట్యాంకులను పూర్తి పీడనానికి నింపి, ప్రతి అతుకుపై సబ్బు నీళ్లు పూసి బుడగలు చూడాలి. రాత్రంతా నిలిపి గేజీ చూసేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 40 డిగ్రీల దగ్గర 8 బార్ చూపిన గాలి 25 డిగ్రీలకు చల్లబడితే ఏ కారుడూ లేకుండానే సుమారు 0.4 బార్ తగ్గుతుంది. అంతకు మించి పడిపోతే వెతకాలి. బస్సు ఒకటి రెండు ట్రిప్పులు తిరిగాక, అదురుకు ఫిట్టింగులు సర్దుకుని ఉంటాయి కనుక, సబ్బు నీళ్ల పరీక్షను మరొకసారి చేయాలి.