సొంత సాంకేతిక సంస్థ – మూడో పాఠం: ఉన్న వనరు, దానితో చేసే పని

రెండో పాఠం చివర అడిగినట్టు ఒక సమస్యనూ, దానితో రోజూ అవస్థపడే మనుషుల పేర్లనూ కాగితం మీద రాసుకుని ఉంటారు. రాయకపోతే ముందు ఆ పని ముగించండి. ఈ పాఠమంతా ఆ కాగితం మీదే నడుస్తుంది.

సంస్థ పెట్టాలనుకునేవారు మొదట అడిగేది పెట్టుబడి గురించే. ఎంత ఉంటే మొదలుపెట్టవచ్చు, ఎవరు ఇస్తారు అని అడుగుతారు. అది అడగదగిన ప్రశ్నే, కానీ దాని వంతు తర్వాత వస్తుంది. ఆర్థికవేత్త ఎడిత్ పెన్‌రోజ్ 1959లో సంస్థల ఎదుగుదల గురించి రాస్తూ ఒక కీలకమైన తేడా చూపించారు. ఉత్పత్తిలోకి నేరుగా వచ్చేది వనరు కాదు, ఆ వనరు అందించే సేవ. ఒకే వనరు ఇద్దరి చేతుల్లో రెండు రకాల సేవలు చేస్తుంది. ఆ సేవ ఏదో తేల్చేది వ్యవస్థాపకుడు చేసే పని.

మన గోదావరి డెల్టాలో ఇది కళ్లెదుటే జరిగింది. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్య సాగును కుదిపేసింది. 2009లో వనామీ అనే మరో రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చింది. అమెరికా ఖండపు పసిఫిక్ తీరం నుంచి వచ్చిన ఆ రొయ్య ఉప్పు తక్కువున్న నీటిలోనూ పెరుగుతుంది. అందుకే భీమవరం, ఆకివీడు వైపు సముద్రానికి దూరంగా ఉన్న చెరువుల్లోకీ వచ్చింది. చెరువులు, కాలువ నీరు, ఐసు ఫ్యాక్టరీలు, మేత దుకాణాలు, పట్టుబడి (రొయ్యలు పట్టే) కూలీల నైపుణ్యం అంతకుముందే ఉన్నాయి. వాటితో కొత్త పని చేయించేవారే కావలసి వచ్చారు.

ఇక మన ఉదాహరణ. ఇద్దరు స్నేహితులు అనుకుందాం. ఒకరు ఎలక్ట్రానిక్స్ చదివారు, సర్క్యూట్ బోర్డు సొంతంగా తయారుచేయగలరు. రెండో ఆమె తండ్రి ఉండి దగ్గర చెరువులు లీజుకు తీసుకుని రొయ్యలు సాగు చేస్తారు. ఆమె పెదనాన్నకు పాలకొల్లులో మేత దుకాణం ఉంది. ఇద్దరి దగ్గరా కలిపి రెండు లక్షల రూపాయలున్నాయి. వారు ఎంచుకున్న సమస్య డీఓ, అంటే నీటిలో కరిగిన ప్రాణవాయువు.

పగలు నీటిలోని సూక్ష్మమైన నాచు ప్రాణవాయువును తయారుచేస్తుంది. చీకటి పడ్డాక ఆ తయారీ ఆగిపోతుంది, నాచుతో సహా నీటిలోని జీవులన్నీ దాన్ని వాడుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారేముందు డీఓ అన్నింటికన్నా తక్కువకు పడుతుంది. ముప్పై డిగ్రీల వేడిలో మంచినీరు సహజంగా పట్టి ఉంచుకోగలిగేది లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. ఉప్పు పెరిగితే అది ఇంకా తగ్గుతుంది. రొయ్యకు నాలుగుకు పైన ఉండాలి, మూడు దాటి కిందికి పడితే ఒత్తిడికి లోనవుతుంది. రాత్రి రెండింటికి కరెంటు పోయి, నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగి, కాపలా మనిషికి మెలకువ రాకపోతే తెల్లారేసరికి రొయ్యలు చచ్చిపోతాయి. నెలల పంట ఒక్క పూటలో పోతుంది.

అవే వనరులతో ఈ ఇద్దరూ మూడు దారుల్లో వెళ్లవచ్చు. వెళ్లిన దారిని బట్టి మూడు వేర్వేరు సంస్థలు పుడతాయి.

మొదటి దారి, చెరువులో ఎప్పుడూ ఉండే డీఓ సెన్సరు, ఫోనులో గ్రాఫు. చూడటానికి బాగుంటుంది, పెట్టుబడిదారుకు చూపించడం తేలిక. కానీ మేత, విసర్జనాలు కలిసిన నీటిలో సెన్సరు మొన మీద కొద్ది రోజుల్లోనే జిగురు, పాచి పట్టి రీడింగు తప్పు చూపిస్తుంది. ఎవరో ఒకరు దాన్ని బయటికి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ సరిచూడాలి. పొర ఉన్న రకమైతే ఆ పొరనూ లోపలి ద్రవాన్నీ మార్చుతుండాలి. అంటే పరికరం అమ్ముతున్నామని అనుకున్నవారు నిజానికి మోటారు సైకిలు మీద గట్టు గట్టుకూ తిరిగే నిర్వహణ సంస్థ పెట్టినట్టు. అది తప్పు కాదు. ముందే తెలిసి పెట్టాలి.

రెండో దారి పెదనాన్న దుకాణం. ఆయన ఖాతా పుస్తకంలో ఉన్న రైతులందరికీ పరికరాన్ని ఇట్టే చేర్చవచ్చు. అయితే చాలామంది రైతులు మేత అరువుకు తెచ్చుకుని పట్టుబడి అయ్యాక బాకీ తీరుస్తారు. అప్పు ఇచ్చిన వ్యక్తి చేతిలో తన చెరువు లెక్కలు ఉండటం ఏ రైతుకు ఇష్టం? పంట దెబ్బతింటోందని తన కంటే ముందు దుకాణానికి తెలుస్తుందనే భయంతో పరికరాన్ని ఆపేస్తాడు. ఆ దుకాణం మంచి వనరే. మొదటి రోజే దాని గొడుగు కింద చేరితే మాత్రం ఇది మేత వ్యాపారి మనిషి పెట్టిన కంపెనీ అనే ముద్ర పడుతుంది. ఆ ముద్రను తర్వాత ఎంత డబ్బుతోనైనా చెరపడం కష్టం.

నా ఓటు మూడో దారికి. డీఓ కొలవడం ప్రస్తుతానికి వదిలేసి, ఏరేటరు ఆగితే ఫోను మోగించే చిన్న పెట్టె చేయాలి. నీటిలో ఏదీ ముంచనక్కర్లేదు. మోటారును ఆన్, ఆఫ్ చేసే స్టార్టరు పెట్టెలో తీగల చుట్టూ కరెంటు సెన్సర్లు బిగిస్తే చాలు. ఇక్కడ వివరమే ప్రాణం. లైను వచ్చిందా పోయిందా అని మాత్రమే చూస్తే సరిపోదు. మోటారుకు కరెంటు తెచ్చే మూడు ఫేజుల్లో (లైను తీగల్లో) ఒకటి పోయినా మోటారు మూలుగుతూ వేడెక్కి, రక్షణ లేకపోతే కాయిలు కాలిపోతుంది. కరెంటు ఉండగానే నాలుగింటిలో ఒక్క ఏరేటరే ట్రిప్ అయి ఆగిపోవచ్చు. కాబట్టి ప్రతి మోటారునూ, మూడు ఫేజులనూ విడిగా గమనించాలి. పంపేది మెసేజ్ కాకూడదు, ఫోను మోగాలి, ఎత్తకపోతే రెండో నంబరుకు, అక్కడా ఎత్తకపోతే మూడో నంబరుకు వెళ్లాలి. ఇవన్నీ గట్టు మీద కొన్ని రాత్రులు గడిపితేనే తెలుస్తాయి. ఏ చెరువులో మోటారు ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపటికి తిరిగి నడిచింది అనే లెక్క పెట్టెలో పేరుకుంటుంది. ఆ లెక్క, రైతు నమ్మకం మొదట్లో వారి దగ్గర లేని వనరులు. పని చేయడం వల్ల పుట్టాయి. డీఓ సెన్సరు తర్వాత తెచ్చినా అప్పుడు ఎవరి చెరువులో పెట్టాలో, ఎవరు తుడుస్తారో వారికి తెలిసే ఉంటుంది.

సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు అనుభవజ్ఞులైన 27 మంది వ్యవస్థాపకులకు ఒకే ఊహా వ్యాపారాన్ని ఇచ్చి, ఆలోచనను పైకి చెబుతూ నిర్ణయాలు తీసుకోమన్నారు. 2001లో ప్రచురించిన వ్యాసంలో ఆమె వివరించిన పద్ధతి ఇది: నేను ఎవరు, నాకేం తెలుసు, నాకెవరు తెలుసు అనే మూడింటి నుంచి మొదలుపెట్టడం. ఎంత లాభం వస్తుందని కాకుండా, ఎంత పోయినా తట్టుకోగలనని లెక్క వేయడం. మన ఇద్దరి రెండు లక్షల్లో పోయినా ఇల్లు కదలని భాగం ఎంతో ముందే రాసుకోవాలి, అదీ ఇంట్లోవాళ్ల ఎదుట.

ఉన్నవాటితో నెట్టుకురావడానికి ఒక హద్దు కూడా ఉంది. దాన్ని అందరూ దాటవేస్తారు కాబట్టి చెబుతున్నాను. టెడ్ బేకర్, రీడ్ నెల్సన్ 2005లో 29 చిన్న సంస్థల మీద పరిశోధన ప్రచురించారు. అందులో ఒక అమెరికా రైతు పొలం కింద వదిలేసిన బొగ్గు గనులున్నాయి. వాటి నుంచి వచ్చే మీథేన్ అనే మండే వాయువు పెద్ద బెడద. ఆయన పాత డీజిలు జనరేటరును ఆ వాయువుతో నడిచేలా మార్చి కరెంటు తీసి అమ్మారు. ఇంజను వేడితో గ్రీన్‌హౌస్‌లో టమాటాలు పండించారు, అక్కడి నీటిలోనే తిలాపియా చేపలు పెంచారు. చదివితే ఒళ్లు పులకరిస్తుంది. కానీ అదే పరిశోధన మరో సంగతీ చూపింది. పరికరాలు, మనుషులు, నియమాలు, ఖాతాదారులు, అన్నిటిలోనూ ఎప్పుడూ సర్దుబాటుతోనే నడిచిన సంస్థలు పెరగలేదు. కొన్నిచోట్ల సర్దుకుని మిగతాచోట్ల పద్ధతికి కట్టుబడినవే పెరిగాయి. అంటే మన పెట్టెకు పాత డబ్బా వాడుకోండి, ఫర్వాలేదు. తడి చోట మూడు ఫేజుల కరెంటు దగ్గర వైరింగులో, ఎర్తింగులో మాత్రం సర్దుబాటు వద్దు. అరువు ఇచ్చే నియమంలోనూ వద్దు. బంధువని ఒకరికి, ఊరివాడని ఇంకొకరికి వేరే ధర చెప్పడం మొదలైతే ఆ అలవాటు మానడం చాలా కష్టం.

అభ్యాసం. మీ కాగితం వెనక మీ దగ్గరున్న నాలుగు వనరులు రాయండి. అందులో కనీసం ఒకటి మనిషి అయి ఉండాలి. ప్రతి వనరుకూ ఎదురుగా అది చేయగల రెండు వేర్వేరు సేవలు రాయండి. ఏ సేవను ఎంచుకుంటే ఎవరు దూరమవుతారో దాని కింద రాయండి. పోయినా తట్టుకోగల మొత్తాన్ని రాసి, ఆ డబ్బుతో నెల రోజుల్లో ఒక్క మనిషి దగ్గర పనిచేయించగల అతి చిన్న వస్తువు ఏమిటో తేల్చుకోండి. సాగు ఆధారంగా పనిచేసేవారు ఆ నెల పంట కాలంలో పడేలా చూసుకోండి. ఖాళీ చెరువులో పరీక్షిస్తే ఏమీ తెలియదు.

నాలుగో పాఠం భాగస్వాముల ఒప్పందం గురించి. దానికి ఈ కాగితం కావాలి, మీ భాగస్వామి విడిగా రాసిన కాగితం కూడా కావాలి. ఇద్దరూ ఒకరిది ఒకరు చూడకుండా రాయండి.