మచ్చికైన కుక్క ఉన్నట్టుండి మీదికి వస్తే

ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదితో కలిసిమెలిసి ఉన్న కుక్క ఒకనాడు గుర్రుమని మీదికి వచ్చినప్పుడు, కర్ర అందుకునే ముందు దాని ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉందేమోనని ఆలోచించాలి. చెవిలో చీము, పుచ్చిన పన్ను, వయసు మీదపడిన కీళ్ల నొప్పులు ఉన్న కుక్క, రోజూ నిమిరే చేయినే కరవవచ్చు. తిరుపతి, చిత్తూరు వంటి వేడి ప్రాంతాల్లో గోమార్ల బెడద ఎక్కువ; అవి చెవి మడతల్లోను, కాలివేళ్ల సందుల్లోను దాగి రక్తం పీల్చడమే గాక, కీళ్లు నొప్పెట్టే జ్వరాలను కూడా అంటిస్తాయి.

నొప్పి ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒళ్లంతా నొక్కి చూడకండి. ఎవరు, ఎక్కడ తాకినప్పుడు, ఏ వేళలో కోపగించిందో రాసిపెట్టుకోండి. కుంటుతున్నదా, తల విదిలిస్తున్నదా, తిండి తగ్గించిందా అన్నది దూరం నుంచి గమనించి, వీలైతే ఫోనులో వీడియో తీయండి. మనుషులు వాడే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు కుక్కలకు ప్రమాదకరం కనుక సొంతవైద్యం వద్దు.

చూపు, వినికిడి తగ్గిన కుక్క వెనుక నుంచి తాకితే ఉలిక్కిపడి కరుస్తుంది. కొత్తగా ఈనిన తల్లి, దీపావళి టపాసులకు బెదిరిన కుక్క, తన గిన్నె దగ్గరికి ఎవరినీ రానివ్వని కుక్క కూడా అంతే.

రేబిస్ సంగతి మాత్రం వేరు. అరుపు మారడం, చొంగ కారడం, మింగలేకపోవడం, దవడ వేలాడటం కనిపిస్తే, గొంతులో ఎముక ఇరుక్కుందనుకొని నోట్లో చేయి పెట్టడం ప్రాణాంతకం. దానిని విడిగా ఒక గదిలో ఉంచి పశువైద్యునికి కబురు చేయాలి. ఎవరినైనా కరిచినా, గీరినా, గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, కుక్కకు టీకా వేయించి ఉన్నా సరే, ఆ రోజే తిరుపతిలోని రుయా వంటి ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. కుక్కను పది రోజులు గమనించడం అవసరమే గాని, ఆ పది రోజులు ఆగి టీకా వేయించుకుందామనుకోవడం తగదు.

గుర్రుమన్నందుకు కుక్కను ఎన్నడూ దండించకండి. అది మనకు అందే ముందస్తు హెచ్చరిక; దెబ్బలకు జడిసి ఆ హెచ్చరిక మానుకున్న కుక్క, ఈసారి చప్పుడు లేకుండా కరుస్తుంది. కారణం తేలేవరకు పిల్లలను దాని దగ్గరికి పంపవద్దు.

తిరుపతిలో 1955 నుంచి ఉన్న పశువైద్య కళాశాలకు గాని, దగ్గరలోని పశువుల ఆసుపత్రికి గాని తీసుకుపోయేటప్పుడు మూతికి బుట్ట తొడగండి. నోరు తెరిచి రొప్పడానికి వీలుండేంత వదులుగా అది ఉండాలి, ఎందుకంటే మన ఎండల్లో రొప్పలేని కుక్క వడదెబ్బకు గురవుతుంది.