గయకు పూట చాలదు, రోజు కావాలి: కాశీయాత్ర చేసే విధానం

కాశీయాత్ర చెడేది చాలావరకు గయ దగ్గరే. కాశీలో మూడు రోజులుంటారు, ప్రయాగకు ఒక రోజు ఇస్తారు, గయకు మాత్రం పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేలా కారు మాట్లాడుకుంటారు. వారణాసి నుంచి గయ సుమారు 250 కిలోమీటర్లు. రోజంతా దారికే పోతుంది. ఏళ్ల తరబడి అనుకున్న పితృకార్యాన్ని గంటన్నరలో ముగించేస్తారు. అందుకే, గయలో ముందురోజు రాత్రి నిద్ర చేయాల్సిందే. సెలవు చాలకపోతే యాత్రను వచ్చే ఏటికి వాయిదా వేయండి.

బయల్దేరే ముందు

కార్తికం, ఫాల్గుణం అనువైన నెలలు. డిసెంబరు, జనవరిలో పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఆగస్టు, సెప్టెంబరులో గంగ పొంగితే కాశీ ఘాట్ల మెట్లు మునిగిపోతాయి, పడవలు ఆపేస్తారు. మహాలయ పక్షంలో, అంటే భాద్రపదం చివర వచ్చే పితృపక్షంలో, గయలో ఇసుక వేస్తే రాలనంత జనం. గయాశ్రాద్ధం ఏడాదిలో ఏ రోజైనా చేయవచ్చని శాస్త్రమే చెబుతుంటే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ తొక్కిసలాటలోకి వెళ్లాల్సిన పనిలేదు.

రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు. 60 ఏళ్లు నిండిన మగవారికీ, 45 నిండిన ఆడవారికీ కింది బెర్తు కోటా ఉంది కానీ, ఒక టికెట్టు మీద ఇద్దరికి మించితే అది వర్తించదు. పెద్దవాళ్లిద్దరికీ విడిగా తీయండి. కొన్ని రైళ్లు వారణాసి ఊళ్లోకి రావు, పాత మొగల్‌సరాయ్‌లో, అంటే ఇప్పటి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దింపుతాయి. అక్కడి నుంచి ఆటోయో, కారో పట్టుకోవాలి.

ప్రయాగ, కాశీ

ముందు ప్రయాగ, తర్వాత కాశీ, చివర గయ. ఈ వరస మార్చకండి. ప్రయాగలో పడవ మీద త్రివేణీ సంగమానికి వెళ్లి స్నానం, దంపతులైతే వేణీదానం, అంటే భార్య జడ కొసను కత్తిరించి గంగకు ఇవ్వడం. ఇంటికి తెచ్చుకునే గంగను ఇక్కడే పట్టుకోవాలి, కాశీ గంగను తేకూడదని పెద్దల మాట.

కాశీలో విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు, కేదారేశ్వరుడు. విశ్వనాథుడి గుళ్లోకి ఫోను, సంచి రానివ్వరు. బస గదిలోనే వదిలి వెళితే, వాటిని దాచిపెట్టే పూలకొట్ల వాళ్లతో బేరం తప్పుతుంది. వసతికి కేదార్ ఘాట్, మానససరోవర్ వైపు చూడండి. ఆంధ్రాశ్రమం ఉన్నది అక్కడే, తెలుగు మాట, తెలుగు భోజనం రెండూ దొరుకుతాయి.

గయ

ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఇంట్లోనే మొదలవుతుంది. పురోహితుడు "ముత్తాత పేరు?" అని అడిగినప్పుడు కార్యం చేసే కర్త ఊళ్లో ఉన్న పెదనాన్నకు ఫోను చేస్తాడు. ఆయన ఎత్తడు. వెనక పదిమంది వేచి ఉంటారు. ఆఖరికి పేరు లేకుండానే పిండం పడుతుంది. నెల ముందే ఒక కాగితం మీద పన్నెండు పేర్లు రాసుకోండి: తండ్రి, తాత, ముత్తాత, వారి భార్యలు, అమ్మ తండ్రి, ఆయన తండ్రి, ఆయన తాత, వారి భార్యలు. అమ్మ పుట్టింటివారి గోత్రం వేరు, దాన్ని పక్కనే రాయండి. ముద్దుపేర్లు కాదు, అసలు పేర్లు కావాలి. బతికున్నవారి పేరు పొరపాటున కూడా చేరకూడదు. తండ్రి ఉన్నవాళ్లు గయలో ఏం చేయవచ్చో ఇంటి పురోహితుణ్ణి అడిగే బయల్దేరాలి.

రెండో కాగితం కారుణ్య పిండాలకు, అంటే ఆ పన్నెండుమందిలో లేని ఆత్మీయులకు పెట్టే పిండాలకు. పిల్లల్లేకుండా పోయిన పిన్ని, చదువు చెప్పిన గురువు, స్నేహితుడు, అత్తమామలు, ఎవరైనా ఉండవచ్చు. మర్చిపోయి ఇంటికొచ్చాక గుర్తొస్తే ఆ బాధ తీరదు.

కార్యం ఫల్గు నది, విష్ణుపాదం గుడి, అక్షయవటం అనే మర్రిచెట్టు, ఈ మూడు చోట్లా సాగుతుంది. తెల్లవారగానే మొదలుపెట్టినా మధ్యాహ్నం దాటుతుంది. చక్కెర జబ్బున్నవాళ్లు మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో కూర్చుంటే కళ్లు తిరిగి పడిపోతారు. మందు వేళలు ముందే డాక్టరును అడగండి, పాలో పండో తీసుకోవచ్చా అని పురోహితుణ్ణి అడగండి. కింద కూర్చోలేనివారు పీట కావాలని ముందురోజే చెప్పాలి.

తల్లి పోయినవారికి మాతృషోడశి ఉంటుంది. కడుపులో మోసిన నెలలు, ప్రసవపు నొప్పి, నిద్ర మానిన రాత్రులు, ఇలా తల్లి పడ్డ ఒక్కో కష్టానికీ ఒక్కో పిండం, మొత్తం పదహారు. హడావిడి పురోహితులు దీన్ని ఒక్క ఊపులో చదివేస్తారు. ఒక్కో శ్లోకానికీ తెలుగులో అర్థం చెప్పి పిండం పెట్టించమని ముందుగానే అడగండి. అరగంట ఎక్కువ పడుతుంది. ఆ అరగంట కోసమే గయలో రాత్రి నిద్ర చేయమన్నది.

డబ్బు సంగతి కూర్చోకముందే తేల్చుకోవాలి. సామగ్రి, భోక్తల (శ్రాద్ధ భోజనం చేసే బ్రాహ్మణుల) దక్షిణ, అక్షయవటం దగ్గర గయావళికి (గయలోని స్థానిక పండాకు) ఇచ్చేది, మూడూ కలిపి ఎంతో అడగండి. ఈ చివరిది విడిగా మిగిలిపోయిందంటే చెట్టు కింద, కార్యం ఫలించిందని ఆయన చేత "సుఫలం" అనిపించుకునే క్షణంలో బేరమాడాల్సి వస్తుంది. ఇష్టమైన కూర, పండు వదిలేసేదీ అక్కడే. ఏం వదలాలో దంపతులు ముందే అనుకుని వెళ్లండి.

తిరుగు ప్రయాణం విమానంలో అయితే గంగ చెంబులు చేతిసంచిలో పెట్టకండి, తనిఖీలో తీసేయవచ్చు. చెకిన్ సామానులో బట్టల మధ్య చుట్టి పెట్టండి. ఇంటికొచ్చాక చేసే కాశీ సమారాధన రోజున ఆ చెంబులకే పూజ.