గిండీలో దుప్పి ఏది, కృష్ణజింక ఏది?

చెన్నై వచ్చిన మా చుట్టాల పిల్లలకు నేను ముందుగా చూడమనేది కొమ్ములనే. సుమారు 2.7 చదరపు కిలోమీటర్ల గిండీ జాతీయ ఉద్యానంలో చుక్కల దుప్పులు, కృష్ణజింకలు రెండూ ఉన్నాయి.

కొమ్ము శాఖలుగా చీలితే దుప్పి. అది ఊడిపోయి మళ్లీ మొలుస్తుంది. కొత్త కొమ్మును నూగు చర్మం కప్పి ఉంటుంది. కొమ్ము ఎదిగాక దుప్పి ఆ చర్మాన్ని చెట్లకు రాసి వదిలించుకుంటుంది. ఆ రాపిడి గుర్తుల కోసం కాండాలు కూడా చూడండి, నాకు ఎంతో ఇష్టమైన పని అది. కొమ్ము మెలితిరిగి, వలయాలతో ఉంటే కృష్ణజింక. అది జీవితాంతం ఊడదు.

ఆడవాటికి సాధారణంగా కొమ్ములుండవు. ఒంటిపై తెల్లచుక్కలుంటే దుప్పి.

కృష్ణజింకను గడ్డి మైదానంలో, దుప్పిని చెట్ల నీడన వెతకండి. తినడానికి ఏమీ పెట్టవద్దు. ప్లాస్టిక్ కవర్లు అసలే పారేయవద్దు. అవి మింగితే కడుపులో అడ్డుపడి ప్రాణం తీస్తాయి.