ఇస్రో పరీక్షా సౌకర్యాలకు ఇన్-స్పేస్ ద్వారా దరఖాస్తు: ఎంఓయూ తర్వాత అసలు పని

ఉపగ్రహ సమాచార రంగంలో కొత్త యాంటెనాలు, మోడెంలు, ఉపగ్రహంలో అమర్చే పేలోడ్‌లు రూపొందిస్తున్న ప్రైవేటు సంస్థలు ఇస్రో ప్రయోగశాలలను వాడుకోవాలంటే, ప్రైవేటు అంతరిక్ష కార్యకలాపాలకు అనుమతులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన అహ్మదాబాద్‌లోని ఇన్-స్పేస్‌కు, దాని డిజిటల్ ప్లాట్‌ఫామ్‌లోనే దరఖాస్తు చేయాలి. సంస్థ నమోదు పత్రాలు, డైరెక్టర్ల, వాటాదారుల వివరాలు దగ్గరుంటే ఖాతా తెరవడం కష్టమేమీ కాదు.

తర్వాత ఇన్-స్పేస్‌తో కుదిరే ఎంఓయూ (అవగాహన ఒప్పందం) ఇరుపక్షాలూ కలిసి పనిచేయడానికి వేసుకున్న చట్రం మాత్రమే. అది చేతికి రాగానే పత్రికా ప్రకటన ఇచ్చి, పరీక్ష తేదీ కోసం ఎదురుచూస్తూ కూర్చునే సంస్థలున్నాయి. ఏ కేంద్రంలో ఏ పని జరగాలి, ఎవరి బాధ్యత ఎంత, ఖర్చు ఎవరిది అన్నవి తేలేది జేపీఐపీ అనే ఉమ్మడి ప్రాజెక్టు అమలు ప్రణాళికలో. చాలామంది తడబడేదీ ఇక్కడే.

ఈ ప్రణాళిక కోసం పని వివరాలు అడిగిన చోట ఉత్పత్తి బ్రోషర్ జతచేసి, ‘మా యాంటెనాను పరీక్షించాలి’ అని ఒక్క వాక్యం రాస్తే, ఆ పనిని ఏ ప్రయోగశాలకు అప్పగించాలో ఎవరికీ అర్థం కాదు. అదే ‘కేయూ బ్యాండు, అప్‌లింక్ 14 నుంచి 14.5 గిగాహెర్ట్జ్, గెయిన్, రేడియేషన్ ప్యాటర్న్, క్రాస్ పోలరైజేషన్ కొలవాలి’ అని రాసి, యాంటెనా కొలతలు, బరువు, బిగించే ఫిక్స్చర్ డ్రాయింగ్, ఆశించే ఫలితాల పట్టిక జతచేస్తే వెనక్కి పంపడానికి కారణం మిగలదు. ఇది మీ ఇంజినీరు రాయవలసిన పత్రం. కన్సల్టెంటు రాసేది కాదు.

‘ఇస్రోలో మనవాళ్లున్నారు, స్లాట్ ఇప్పిస్తాం’ అనేవారికి డబ్బు కట్టకండి. 2023 భారత అంతరిక్ష విధానం ప్రకారం ప్రజాధనంతో నిర్మించిన సౌకర్యాల వినియోగంలో ప్రాధాన్య క్రమం ఇన్-స్పేస్ పరిధిలోని విషయం, దాని నిర్ణయానికి ఆ సౌకర్యాల నిర్వాహకులు కట్టుబడాలి. అందువల్ల లోపల ఎవరో తెలిసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు, ఎవరూ తెలియనంత మాత్రాన నష్టపోయేదీ లేదు.

ఇన్-స్పేస్ అనుమతి ఉన్నంత మాత్రాన ఆరుబయట సిగ్నల్ ప్రసారం చేయవచ్చని అనుకోకూడదు. యాంటెనా, మోడెం కలిసిన టెర్మినల్‌ను నిజమైన ఉపగ్రహంతో అనుసంధానించి చూడాలంటే టెలికాం శాఖలో రేడియో ఫ్రీక్వెన్సీల లైసెన్సులు చూసే డబ్ల్యూపీసీ విభాగం నుంచి ప్రయోగాత్మక లైసెన్సు విడిగా తీసుకోవాలి. దాని దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో ఉంటుంది. జేపీఐపీ చర్చలు నడుస్తుండగానే దీన్నీ మొదలుపెట్టడం మేలు. రెండు దరఖాస్తుల్లోనూ ఫ్రీక్వెన్సీ, ప్రసార శక్తి అంకెలు ఒకేలా ఉన్నాయో లేదో పంపే ముందు పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి.